ఇంటిపేరుకు ఇల్లు చాలలేదు

ఆ ఇంటిపేరు రెండక్షరాలు. ఆ అక్షరాలేమిటో ఇక్కడ చెప్పను. చెప్పానంటే చదివేవాళ్ళలో ఎవరో ఒకరు "అరే, మాదీ అదే!" అని లేచి కూర్చుంటారు. ఆ సంగతి ఆ ఇంటి మామగారి చెవిన పడిందంటే వారం తిరక్కుండా మీ గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు, మీ తాతముత్తాతల ఫోటోలు అడిగి పట్టుకుపోతాడు. మీకెందుకొచ్చిన గొడవ.

ఆ రెండక్షరాలూ ఏ భాషలో పలికినా ఒకేలా పలుకుతాయి. ఒక దేశంలో వాటికి గొర్రెల కాపరి అని అర్థమట. మరో దేశంలో చిత్తడి నేల. ఇంకోచోట ఎడమచేతి వాటంవాడు. ఈ ఇంట్లో మాట్లాడే భాషలో మాత్రం ఏ అర్థమూ లేదు. "అర్థం లేదంటే అర్థాలు పుట్టకముందే పుట్టిందన్నమాట" అనేవాడు మామగారు మీసం సవరించుకుంటూ. ఆయన ఉద్యోగమంతా సర్వేయరు. ఊళ్ళవాళ్ళ స్థలాలు కొలిచి, హద్దురాళ్ళు పాతించి, అన్నదమ్ముల తగవులు కొన్ని తీర్చి, కొన్ని పెట్టి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చున్నాక కొలవడానికేమీ లేక కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. అలాంటి రోజుల్లో పేపర్లో ఒక విదేశీ మల్లయోధుడి ఫోటో కనబడింది. కింద అదే ఇంటిపేరు. అంతే, మనిషికి పూనకం వచ్చింది.

మల్లయోధుడి తర్వాత ఒక నావికుడు దొరికాడు. ఒక దీవికని బయల్దేరి ఇంకో దీవికి చేరి, ఇదే అదని చచ్చేదాకా వాదించిన మనిషి. ఆ తర్వాత ఒక గాయని. ఆ తర్వాత తోకచుక్కను కనిపెట్టిన పెద్దమనిషి. ఆ తోకచుక్క వస్తుందన్న ఏడు రాలేదనుకోండి, అది తోకచుక్క తప్పేనని మామగారి తీర్పు. ఒక తలారి కూడా ఉన్నాడు. "మనుషుల్ని ఉరితీసినవాడు మనకెందుకండీ?" అని అత్తగారు అడిగితే, "ప్రముఖుడా కాదా, అది చెప్పు" అన్నాడు మామగారు.

ఒక్కొక్కరికీ ఒక్కో గది. హాలు నావికుడిది. నట్టనడుమ అట్టతో చేసిన ఓడ, చుట్టూ తాడు. ముందు పడకగది మల్లయోధుడిది. కొడుకూ కోడలూ అక్కణ్ణించి లేచి మిద్దె మీది రేకుల గదిలోకి చేరారు. భోజనాల గది గాయనికి పోయింది కాబట్టి భోజనాలు వంటింట్లో నిలబడే కానిస్తారు. తలారిని నడవాలో పెట్టారు. అత్తగారి మంచం ఉన్నది కూడా అక్కడే. "రాత్రి కళ్ళు మూసే ముందు ఆ మొహమే, పొద్దున తెరిస్తే ఆ మొహమే. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆ తలారిపాటి చెయ్యకపోయాను" అని ఆవిడ గొణుక్కునేది. ఆవిడ చెయ్యదు మరి. మామగారి నియమం ఒకటే: పుట్టుకతో వచ్చిన ఇంటిపేరై ఉండాలి. పెళ్ళితో అతికించుకున్నవాళ్ళు లెక్కలోకి రారు.

ఆదివారం ఆదివారం జనం వచ్చి చూసిపోయేవారు. కొందరు ఆసక్తితో, ఎక్కువమంది నవ్వుకోవడానికి. మామగారికి ఆ తేడా తెలిసేది కాదు.

కోడలికి మిగిలింది పెరటి వైపు చిన్న గది. ఆమె పని కట్టుడు పళ్ళు చెయ్యడం. బజారులోని పళ్ళ డాక్టరు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో సున్నపు ముద్ద పోసి దవడ తయారుచేస్తుంది. దాని మీద మైనం పేర్చి, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చుతుంది. పై దవడా కింది దవడా ఇత్తడి బందులో బిగించి ఆడించి చూస్తుంది. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ సందుందో చెవి పెట్టి వింటుంది కూడా. పళ్ళు సరిగ్గా కలిస్తే ఒక చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన రోజు ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఆ గదికి ఉత్తరపు కిటికీ ఉంది, నీళ్ళ కుళాయి ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా లోపల గడియ ఉంది. ఆ ఇంట్లో లోపల్నించి గడియ వేసుకోగలిగే తలుపు, స్నానాలగది వదిలేస్తే, అదొక్కటే. గడియ పడగానే ఆమె భుజాలు దిగేవి. అక్కడ ఆమె ఎవరి కోడలూ కాదు. ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ, మైనం వాసన పీలుస్తూ, ఎవరి నోటికో నవ్వు తయారుచేసే మనిషి.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే మామగారు, చేతిలో టేపు, చెవి మీద సుద్దముక్క.

"అమ్మాయ్, కాస్త పక్కకు జరుగు. గది కొలవాలి."

"ఎందుకు మామయ్యగారూ?"

"ఫుట్‌బాల్ ఆయన వస్తున్నాడు."

ఆమె ఆయన వెనక్కి తొంగి చూసింది. ఎవరూ లేరు. అప్పటికి గాని అర్థం కాలేదు. ఆ ఫుట్‌బాల్ ఆయన సొంత జట్టు గోల్‌లోకే బంతి కొట్టి దేశానికి కప్పు పోగొట్టిన మనిషి. ఆ దేశంలో ఇప్పటికీ ఆయన పేరు తెలియని పిల్లాడు లేడని మామగారు గర్వంగా చెప్పాడు.

"మరి నా పని?"

"వరండాలో చేసుకో తల్లీ. గాలీ వెలుతురూ బోలెడు."

గాలే వద్దు. గాలికి దుమ్ము రేగి మెత్తటి మైనానికి అంటుకుంటుంది. వరండాలో కుళాయి లేదు, సానబెట్టే మోటారుకు కరెంటు లేదు. డాక్టరు ముందే చెప్పాడు, ఒక్క సెట్టు నోట్లో గరగరలాడినా ఇంకొకరిని చూసుకుంటానని. గది పోతే పని పోతుంది. పని పోతే ఈ ఇంట్లో తనకంటూ ఇక ఏం మిగిలినట్టు?  అయినా మామగారు గోడలు కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే ఒళ్ళు మండేది.

మొగుడితో ఒకటికి రెండు రోజులు చెప్పింది. అతను బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత పెద్ద లారీకైనా దారివ్వడు, ఇంట్లో నాన్నకు మాత్రం ఎదురుపడడు.

"రేపు మాట్లాడతాను."

"నిన్న కూడా రేపే అన్నారు."

"నిన్నటి రేపు వేరు. నాన్న మూడ్ చూసి అడగాలి కదా."

అత్తగారు అతనికి పెట్టిన పేరే రేపుగాడు. ఆ రేపు రాదని ఆమెకు తెలుసు. అందుకే మర్నాడు వంటింట్లో అందరూ నిలబడి తింటుంటే, ముందు వెనకలు ఆలోచించకుండా ఒక మాట అనేసింది.

"మామయ్యగారూ, కట్టుడు పళ్ళు చేసిన ఒక పెద్దావిడ ఉండేదట. మన ఇంటిపేరేనట."

మామగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎక్కడ?"

"ఎక్కడో సముద్రం పక్క దేశంలో. యుద్ధంలో పళ్ళూడిన సైనికులకు చేసిచ్చేదట. మా చదువులో చెప్పారు."

"పుట్టుకతోనా, పెళ్ళితోనా?"

"పుట్టుకతోనే."

అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. పళ్ళావిడ గది అంటే పళ్ళ సామాను ఉండాలి, పళ్ళ సామాను ఉంటే తను ఉండొచ్చు. ఫుట్‌బాల్ ఆయన వరండాలో ఆడుకుంటాడు, ఆయనకు గాలి కావాలి కూడా. తన తెలివికి తనే మురిసిపోయింది.

"మరి ఫోటో?" అన్నాడు మామగారు. "మొహం లేకుండా ప్రముఖులేమిటి?"

ఆమె దగ్గరున్న పాత ఫోటో ఒక్కటే. వాళ్ళ అమ్మమ్మది. అమ్మ పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. పళ్ళన్నీ ఊడిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి. ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఈమె మొట్టమొదట చేసిన సెట్టు అమ్మమ్మకే. రెండుసార్లు పాడుచేసి, మూడోసారికి కుదిర్చింది. అవి పెట్టుకున్న రోజు అమ్మమ్మ తనంతట తనే స్టూడియోకి నడిచి, కొంగు తీసేసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి ఫోటో దిగింది. గడ్డం మీద సొట్ట కూడా స్పష్టంగా పడింది. అదొక్కటే ఫోటో. ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేదు.

గది కోసం ఆమె ఆ ఫోటో ఇచ్చేసింది. కొన్నాళ్ళేగా, ఇంట్లోనే ఉంటుందిగా అని మనసుకు నచ్చజెప్పుకుంది. మామగారు దాన్ని స్టూడియోకి పట్టుకెళ్ళి, గోధుమరంగు పూయించి, అంచులు మాయించి, నిన్న మొన్నటి అమ్మమ్మను తాతలనాటి మనిషిని చేసి పట్టుకొచ్చాడు. చెక్క ఫ్రేములో, కింద ఆ రెండక్షరాల ఇంటిపేరుతో, అమ్మమ్మ గోడెక్కింది. ఆవిడ ఇంటిపేరు అది కాదు. ఆ సంగతి తెలిసింది ఇంట్లో ఒక్కరికే.

గది నిలబడింది. కానీ ఆదివారానికల్లా మామగారు మళ్ళీ వచ్చాడు, ఈసారి స్క్రూడ్రైవరుతో. లోపలి గడియ ఊడదీశాడు.

"అదెందుకు మామయ్యగారూ?"

"చూడ్డానికొచ్చినవాళ్ళు తలుపు కొట్టి నిలబడతారా ఏమిటి? హాల్లో నావికుడికి గడియ ఉందా?"

నేల మీద సుద్దతో గీత గీశాడు. జనం గీత ఇవతల, ఆమె గీత అవతల. ఉద్యోగంలో ఆయన గీసిన గీతలను కోర్టులు కూడా మార్చలేకపోయాయట. కిటికీకి ఎదురుగా ఉండే బల్లను గది మధ్యకు జరిపించాడు, వచ్చినవాళ్ళకు ఆమె చేతులు కనబడాలని. పెట్టుకోవడానికి ఒక తెల్ల టోపీ కూడా తెచ్చాడు.

వారం వారం ఆ పళ్ళావిడ గొప్పదైపోతూ వచ్చింది. మొదట సైనికులకే చేసింది. పోను పోను సేనాపతికి చేసింది. తర్వాత ఒక రాజుగారికి చేస్తే, ఆయన ఆ పళ్ళతోనే సంధి మాటలు మాట్లాడి యుద్ధం ఆపేశాడు. మామగారు కర్రతో ఫోటోను చూపిస్తూ ఇదంతా చెబుతుంటే, ఆమె తల వంచుకుని మైనం గీకుతూ ఉండేది. కూనిరాగం ఆగిపోయింది. జనం చూస్తుంటే చెవి పెట్టి పళ్ళ చప్పుడు వినడానికి సిగ్గేసేది. ఎవరో ఒకాయన ఆమెను చూపిస్తూ "ఈవిడ కూడా మీ ఇంటిపేరేనా?" అని అడిగాడు.

"అబ్బే, కోడలు" అన్నాడు మామగారు. "పనెలా చేసేవారో చూపించడానికి కూర్చోబెట్టాం."

ఆ రోజు ఆమె ఒక సెట్టులో కోరపన్ను తిరగేసి పెట్టింది. డాక్టరు వెనక్కి పంపించాడు.

టోపీలు కుట్టే ఆవిడ వచ్చింది ఆ తర్వాతి ఆదివారమే. వేరే దేశం నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన మనిషి. జుట్టు నెరిసింది, మాట వచ్చీరానట్టుంటుంది. పుట్టుకతోనే అదే ఇంటిపేరు. మామగారు పరమానందపడిపోయి, కుర్చీ వేయించి, ఒక్కొక్క గదీ చూపించుకుంటూ పెరటి గదికి తీసుకొచ్చాడు. గీత దగ్గర ఆగి, ఫోటో చూపించి, సైనికుల దగ్గర మొదలుపెట్టాడు. రాజుగారి దాకా రానేలేదు, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"మా అమ్మమ్మ" అంది.

మామగారికి ఒక్క క్షణం అయోమయం. "అమ్మమ్మకు మీ ఇంటిపేరు ఎలా వస్తుందమ్మా?"

"మా వైపు ఇంటిపేరు తల్లి నుంచి వస్తుంది. అమ్మమ్మది అమ్మకు, అమ్మది నాకు. యుద్ధం అప్పుడు అమ్మమ్మ తప్పిపోయింది. నేను చిన్నపిల్ల. పళ్ళు బాగుచేసేది, అది గుర్తు. మొహం గుర్తు లేదు. ఫోటో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళు వెతికాను."

కోడలి చేతిలో మైనం చల్లబడి గట్టిపడిపోయింది. ఇంటిపేరు తల్లి నుంచి వచ్చే దేశం కూడా ఒకటుందన్నమాట. అక్కడ పుట్టి ఉంటే తనకు అమ్మమ్మ ఇంటిపేరే ఉండేది. ఏడుస్తున్న ఆ మనిషిని చూస్తే జాలేసింది, జాలికి మించి భయమేసింది. ఇప్పుడు నోరు విప్పితే పళ్ళావిడ పోతుంది, పళ్ళావిడతో పాటు గదీ పోతుంది. విప్పకపోతే?

"ఆ ఫోటో..." అంది టోపీల ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కసారి ఇంటికి తీసుకెళ్ళనా?"

మామగారు పొంగిపోయాడు. జీవితంలో ఎవరికీ జానెడు నేల ఎక్కువ కొలవని మనిషి, ఆ రోజు దానకర్ణుడైపోయాడు. "ఒక్కసారేమిటమ్మా! మీ అమ్మమ్మ, మీరే ఉంచుకోండి. అసలు మీకు, నకలు మాకు చాలు." ఫ్రేము గోడ మీంచి దించేశాడు.

కోడలికి ఇక గది గుర్తుకు రాలేదు. మామగారూ గుర్తుకు రాలేదు. అమ్మమ్మ నవ్వు ఇంకొకరి చంకలోకి వెళ్ళిపోవడం ఒక్కటే కనబడింది. లేచి నిలబడింది. బల్ల కదిలి సున్నపు దవడ కింద పడి ముక్కలైంది. ఇంతవరకూ ఎవరూ దాటని సుద్దగీత దాటి వచ్చి, ఫ్రేముకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవ్వకండి" అంది.  "ఆవిడ మా అమ్మమ్మ."

 మామగారు ఆమెను గుడ్లప్పగించి చూశాడు. ఆ కళ్ళల్లోకి మెల్లగా నీళ్ళు వచ్చాయి.

"అలా అను తల్లీ!" అన్నాడు. "ఇన్నాళ్ళకు నీ నోట ఆ మాట వచ్చింది. మీ అమ్మమ్మే! మా అమ్మమ్మ, నీ అమ్మమ్మ, ఈవిడ అమ్మమ్మ, మనందరి అమ్మమ్మ! ఇంటిపేరు అంటే అదే కదా!"

"కాదు మామయ్యగారూ, నిజంగా మా అమ్మమ్మ. ఆ పళ్ళు నేనే చేశాను."

"చేశావు, చేస్తున్నావు. ఆవిడ చెయ్యి నీకొచ్చింది, నేను కాదన్నానా?"

"రంగు పూయించింది మీరే కదా, అది అంత పాత ఫోటో కాదు..."

ఆమె మాట పూర్తి కానేలేదు. టోపీల ఆవిడ ఆమెను గట్టిగా కావలించుకుంది. "నీకూ అమ్మమ్మ అయితే నువ్వు నాకు చెల్లెలివి" అంది ఏడుపులోనే నవ్వుతూ. దూరం జరిగి ఆమె మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. ఫోటో చూసింది. మళ్ళీ మొహం చూసింది. "అదే గడ్డం. అదే సొట్ట."

మామగారు వంగి చూశాడు. ఫోటోలోని సొట్ట, కోడలి గడ్డం మీది సొట్ట. 

"చూశారా!" అన్నాడు ఆనందంగా, గుమ్మంలో గుమిగూడిన జనంతో. "మెట్టినింట్లో ఇన్నేళ్ళుంటే పోలికలు కూడా దిగుతాయి. మన ఇంటిపేరు మహిమ అలాంటిది!"

జనం చప్పట్లు కొట్టారు. ఏడుస్తున్న కోడలిని చూసి, ఎంత అభిమానమో ఈ ఇంటి మీద అని ఒకావిడ కళ్ళొత్తుకుంది. టోపీల ఆవిడ ఫోటోను శాలువాలో చుట్టుకుని, చెల్లెలిని మళ్ళీ చూడ్డానికి వస్తానని మాటిచ్చి వెళ్ళిపోయింది. మామగారు వీధి చివరిదాకా సాగనంపి వచ్చి, సుద్దముక్క తీసి, చెరిగిపోయిన గీతను జాగ్రత్తగా మళ్ళీ గీశాడు. ఆదివారం ఒక్కటే చాలదని, ఇక నుంచి రోజూ తెరుద్దామని, ప్రముఖురాలి మనవరాలు స్వయంగా పనిచేస్తుందంటే జనం విరగబడతారని లెక్కలు వేసుకుంటూ హాల్లోకి వెళ్ళాడు.

ఆమె కిందపడ్డ ముక్కలు ఏరుకుంది. గోడ మీద ఫ్రేము ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. తలుపు వేసింది. చెయ్యి అలవాటుగా గడియ కోసం వెళ్ళి, స్క్రూలు ఊడిన రంధ్రాల మీద ఆగింది. తలుపు దానంతట అదే నెమ్మదిగా తెరుచుకుంది.

నడవాలో తలారి ఫోటో కింద మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. అంతా అక్కణ్ణించే విన్నట్టుంది.

"ఏమే" అంది మెల్లగా. "నిజంగానే మీ అమ్మమ్మా?"

"అవునత్తయ్యా."

అత్తగారు మంచం మీద కొంచెం జరిగి, పక్కన చోటు చూపించింది.

"మరి గట్టిగా చెప్పకపోయావా?"

"చెప్పానుగా" అంది ఆమె.